స్పై సినిమాకు ఊరెందుకు? సాగర్ కట్ట మీద నిలబడి చూస్తే

2023 నవంబర్ 29. తెల్లారితే తెలంగాణలో అసెంబ్లీ పోలింగ్. పోలీసులంతా ఎన్నికల డ్యూటీలో ఉన్నారు. అర్ధరాత్రి దాటాక ఆంధ్రప్రదేశ్ పోలీసులు కుడివైపు నుంచి నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి వచ్చారు. 26 గేట్లలో సగం తమవేనంటూ 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. తర్వాత కేంద్రం జోక్యం చేసుకోవడం, సీఆర్పీఎఫ్ దిగడం మీకు తెలిసిందే. ఎవరిది న్యాయమన్న తగువు ఇక్కడ వద్దు. నేను అడిగేది వేరే. ఒక గూఢచారి సినిమాకు ఇంతకంటే ఏం కావాలి? ఒకే కట్ట, రెండు ప్రభుత్వాలు, ఓట్ల ముందు రాత్రి, నడిమధ్యన కంచె. ఈ కథను మోసుకెళ్లి స్విట్జర్లాండ్‌లో తీయగలరా?

ఒక సినిమా తన లొకేషన్‌ను బాగా వాడుకుందా లేదా అని తేల్చడానికి నాకున్న లెక్క ఇదే. ఆ సీన్‌ను అక్కడి నుంచి పెకిలించి ఇంకో ఊళ్లో నాటి చూడండి. బతికి బట్టకట్టిందా, ఆ ఊరిని వాడుకోలేదన్నట్టే. వాడిపోయిందా, వాడుకున్నట్టు. ఈ లెక్కన చూస్తే వందల కోట్లు పోసి దేశాలు తిరిగొచ్చిన స్పై సినిమాల్లో చాలావరకు ఫెయిలే. డ్రోన్ షాట్‌లో ఊరు, తెర మీద ఊరి పేరు, ఆ తర్వాత కార్ల ఛేజ్. ఆ కార్లు ఏ ఊళ్లో తిరిగినా ఒక్కటే.

బాగా వాడుకున్న సినిమా చూడాలంటే వెనక్కి, 1949కి వెళ్లాలి. 'ది థర్డ్ మ్యాన్' అచ్చంగా గూఢచారి సినిమా కాదంటారు కొందరు, నా దృష్టిలో ఆ జాతికి అదే పెద్దదిక్కు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వియన్నాను అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ నాలుగు ముక్కలుగా పంచుకున్నాయి. ఇటు నుంచి అటు పోవాలంటే కాగితాలు చూపించాలి. కల్తీ పెన్సిలిన్ అమ్ముకునే హ్యారీ లైమ్‌కు ఆ కాగితాలతో పనిలేదు. కూడలిలో పోస్టర్లు అంటించే గుండ్రటి దిమ్మె ఒకటి ఉంటుంది. దానికో తలుపు. తలుపు తీస్తే మెట్లు, మెట్లు దిగితే మురుగు కాలువ. పైన నాలుగు సైన్యాలు కాపలా కాస్తుంటే కింద కాలువ మాత్రం ఒక్కటే. ఆ ఊరిని ఎలా పంచారో, పంచలేనిది ఏం మిగిలిందో దర్శకుడు కరోల్ రీడ్ ఒక్క తలుపుతో చెప్పేశాడు. దాన్ని పారిస్‌లో పెడితే ఏమీ మిగలదు.

కొత్త సినిమాలకు చేతకాదని కాదు. 2011 నాటి 'మిషన్ ఇంపాజిబుల్: ఘోస్ట్ ప్రోటోకాల్'లో టామ్ క్రూజ్ బుర్జ్ ఖలీఫా ఎక్కుతాడు. సర్వర్ గదికి లోపలి నుంచి దారి లేదు కాబట్టి బయటి అద్దాలు పట్టుకుని పాకాలి. 828 మీటర్ల ఎత్తే అక్కడ సమస్య, ఎడారి నుంచి వచ్చే ఇసుక తుఫానే విలన్. దుబాయ్‌ను దుబాయ్‌లాగే వాడారు. అదే సినిమా ముంబైకి వచ్చేసరికి చేతులెత్తేసింది. ముంబై అని మనకు చూపించిన దాంట్లో చాలా భాగం తీసింది కెనడాలోని వాంకోవర్‌లో. ఒకే సినిమా, ఒకే దర్శకుడు. దుబాయ్ మీద పెట్టిన శ్రద్ధ మన ఊరి మీద ఎందుకు పెట్టలేదు?

ఉదయ్‌పూర్‌కు జరిగిందీ అంతే. 1983లో వచ్చిన జేమ్స్‌బాండ్ సినిమా 'ఆక్టోపస్సీ' కోసం యూనిట్ అక్కడికి వెళ్లింది. నీళ్ల మధ్య ప్యాలెస్‌ను కొంత తెలివిగానే వాడుకున్నారు, పడవ లేనిదే చేరలేని చోటు కాబట్టి. వీధిలోకి రాగానే తెలివంతా పోయింది. ఆటో ఛేజ్‌లో నిప్పుల మీద నడిచేవాడు, మేకుల మంచం మీద పడుకునేవాడు, కత్తి మింగేవాడు, ఒంటె... దారిపొడుగునా పేర్చారు. అక్కడ బతికే మనిషికి ఆ కథలో పని లేదు, పక్కకు తప్పుకోవడం తప్ప.

థాయ్‌లాండ్‌లో ఇంకా ఘోరం. 1974లో 'ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్' తీసిన ఫంగ్ నా అఖాతంలో నీళ్లలోంచి నిటారుగా లేచిన రాయికి అక్కడి జనం పెట్టుకున్న పేరు కో టాపు, అంటే మేకు దీవి. ఎంత చక్కటి పేరు. ఇప్పుడు అది ఎవరికీ పట్టదు, అందరికీ అది జేమ్స్‌బాండ్ ఐలాండ్. పడవలు దగ్గరికి పోకుండా ఆంక్షలు పెట్టాల్సినంత జనం ఎగబడ్డారు. సినిమా చోటును వాడుకోవడం ఒకటి, చోటు పేరును మింగేయడం ఇంకొకటి.

ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది. సినిమా అంటేనే కనికట్టు, ఎక్కడ తీస్తే ఏంటి అని. 1965లో 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' కోసం బెర్లిన్ గోడను ఐర్లండ్‌లో, డబ్లిన్ నగరంలో కట్టారు. అయినా ఆ సినిమాను వేలెత్తి చూపలేం. నిజమే, ఒప్పుకుంటాను. ఎందుకంటే ఆ కథ గోడ గురించే. గోడ దగ్గర మొదలై గోడ దగ్గరే ముగుస్తుంది. రాళ్లు డబ్లిన్‌వే అయినా నీతి, భయం, కాపలా బెర్లిన్‌వి. మన 'రాజీ' కూడా అలాంటిదే. పాకిస్తాన్ అని చూపించింది మన పంజాబ్‌నే, కానీ ఆ ఇళ్లూ సందులూ కథకు పనిచేశాయి. కాబట్టి కెమెరా ఎక్కడ పెట్టారన్నది కాదు నా గొడవ, చోటుకున్న లాజిక్ కథలోకి వచ్చిందా లేదా అన్నదే.

అసలు విషయానికి వస్తాను. 2018లో 'మిషన్ ఇంపాజిబుల్: ఫాలౌట్' క్లైమాక్స్ కశ్మీర్‌లో అన్నారు, తీసింది న్యూజిలాండ్‌లో. సియాచిన్ దగ్గర అణుబాంబులు పేల్చి కోట్లమంది తాగే నీటిని విషం చేయడం విలన్ల ప్లాన్. ఆలోచన భయంకరంగా ఉంది, గొప్పగా ఉంది. కానీ ఆ నీళ్లు తాగే మనిషి ఒక్కడు కూడా తెర మీద నోరు విప్పి భయపడడు. రెండు హెలికాప్టర్లు గుద్దుకోవడం, కొండ అంచున వేలాడటం, అంతే.

నల్లగొండ జిల్లా మనిషికి ఆ కథ కొత్తగా వినాల్సిన పనేలేదు. పెద్ద అడిశర్లపల్లి వైపు వెళ్తే లంబాపూర్, పెద్దగట్టు ఉన్నాయి. భూమి కింద యురేనియం ఉందని తేలిన చోట్లు. గని తవ్వుతామని 2003లో బహిరంగ విచారణ పెడితే చుట్టుపక్కల తండాలన్నీ కదిలాయి. ఒకవైపు సాగర్ నీళ్లు, మరోవైపు హైదరాబాద్‌కు తాగునీరు పంపే అక్కంపల్లి రిజర్వాయర్. పక్కనే యురేనియం గని. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జిల్లాకు నీళ్లు విషమవడమంటే ఏంటో ఎవరూ సినిమా తీసి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత 2019లో నల్లమల వంతు వచ్చింది. అమ్రాబాద్ పులుల అడవిలో యురేనియం కోసం అన్వేషణ అనగానే పాలమూరు భగ్గుమంది, అదే ఏడాది సెప్టెంబర్‌లో అసెంబ్లీ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

ఇప్పుడు చెప్పండి. ప్రపంచంలో సగం స్పై సినిమాలు ఒక పెట్టెలో పెట్టిన యురేనియం, ప్లుటోనియం వెంట పరిగెడతాయి. ఆ పెట్టెలోది ఏ ఊరి మట్టిలోంచి వచ్చిందని ఒక్క సినిమా అయినా అడిగిందా? ఏ తండా పక్కన బోరు వేశారు, శాంపిల్ పట్టుకుపోయింది ఎవరు, ఆ రాత్రి జీపు లైట్లు చూసింది ఎవరు? అక్కడి నుంచి మొదలుపెట్టి చూడండి, కథ ఎంత వేరుగా నడుస్తుందో. అడవిలో రాళ్లకు గుర్తులు పెట్టి పోయిన కొత్త మనుషుల అడుగుజాడ ముందుగా పట్టేది చెంచు పెంటలో, అంటే అడవిలోని చెంచుల గూడెంలో ఉన్నవాడే, శాటిలైట్ కాదు. తండాలో ఇద్దరు లంబాడీ భాషలో ఫోన్ మాట్లాడుకుంటే వింటున్న ఏజెంట్‌కు ఒక్క ముక్క అర్థం కాదు. రాసుకోవడానికి సొంత లిపి కూడా లేని ఆ భాషే అక్కడ కోడ్. ఇవన్నీ ఊరు తెలిసినవాడు మాత్రమే రాయగల సీన్లు.

గతంలోకి వెళ్తే ఇంకా పెద్ద నిధి ఉంది. కోదాడ దగ్గరి మునగాల పరగణా. పాఠ్యపుస్తకంలో ఒక లైను, అంతే. కానీ మ్యాప్ తీసి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఈ కొన్ని ఊళ్లు మాత్రం బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లాకు చెందినవి. జమీందారు కోట నడిగూడెంలో. 1947 ఆగస్టు 15న ఆ ఊళ్లు ఇండియా అయ్యాయి. వాటి చుట్టూ ఉన్న ఊళ్లు కాలేదు. 1948 సెప్టెంబర్ దాకా, పదమూడు నెలలు, నిజాం రాజ్యం కడుపులో ఇండియా ముక్క ఒకటి మిగిలింది. పొలం గట్టు ఇవతల రజాకార్లు, అవతల మూడు రంగుల జెండా. వియన్నా ముక్కలైతే ప్రపంచం డెబ్బై ఏళ్లుగా ఆ సినిమా చూస్తోంది. మన గట్టు మీద ఏం జరిగిందో కోదాడ పిల్లలకే తెలియదు.

మనుషులకూ కొదవలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో తలకు పదివేల రూపాయల వెల కట్టినా దొరక్కుండా, రాజక్క అనే మారుపేరుతో తిరిగిన మల్లు స్వరాజ్యం ఈ నేల మనిషే. అవతలి పక్షంలో సిడ్నీ కాటన్ ఉన్నాడు. యుద్ధానికి ముందు బ్రిటిష్ గూఢచారి సంస్థ కోసం జర్మనీని ఆకాశం నుంచి దొంగచాటుగా ఫొటోలు తీసిన ఆస్ట్రేలియా పైలట్. 1948లో కరాచీ నుంచి నిజాంకు విమానాల్లో ఆయుధాలు మోసింది అతనే. పోలీస్ యాక్షన్‌లో ఇండియా సైన్యం విజయవాడ వైపు నుంచి సూర్యాపేట దాకా వచ్చేసరికి, వెనక్కి పోతున్న నిజాం బలగాలు మూసీ మీది వంతెనను పేల్చేశాయి. పేల్చిన తర్వాత కాపలా కాసి కాల్పులు జరిపే తెగువ లేకపోయింది. సైన్యం దాన్ని చకచకా బాగుచేసుకుని దాటేసింది. ఒక వంతెన, కొన్ని గంటలు, నదికి ఈ ఒడ్డున ఎవరున్నారో చెప్పే మనిషి ఒకడు. సినిమా అయిపోయింది.

మనవాళ్లకు స్పై సినిమా కొత్తేమీ కాదు. 1966లోనే 'గూఢచారి 116'తో కృష్ణ ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయ్యాడు. అరవై ఏళ్ల తర్వాత కూడా ఫారిన్ షెడ్యూల్ అంటేనే నిర్మాత ముఖం వెలుగుతుంది. ఊరిని నమ్ముకుంటే ఏమవుతుందో 2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' చూపించింది. అది డిటెక్టివ్ కథే కానీ, నెల్లూరు యాస, రైలు పట్టాల పక్కన దొరికే దిక్కులేని శవాలు లేకపోతే ఆ కథే లేదు. జనం చూశారు కదా. నల్లగొండలో బస్సెక్కి హైదరాబాద్ పోయేటప్పుడు రామోజీ ఫిల్మ్ సిటీ దారి తగులుతుంది. విమానాశ్రయం, రైల్వే స్టేషన్, విదేశీ వీధి అన్నీ లోపల ఉన్నాయి. అదే హైవే మీద ఇటువైపు నిజమైన సరిహద్దు ఉంటే దాన్ని దాటుకుంటూ అటు పోయి అబద్ధపు సరిహద్దు కడుతున్నాం.

ఇది సినిమా పిచ్చితో అంటున్న మాట కాదు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా మట్టి మోసింది పాలమూరు కూలీ. అలాంటి జిల్లా తెర మీద కనబడేది ఎప్పుడు? కరువు చూపించాలంటే, బొంబాయి బస్సు చూపించాలంటే. నల్లగొండ కనబడేది ఫ్లోరైడ్ డాక్యుమెంటరీలో. మా మీద జాలిపడే కథలు ఉన్నాయి, మేం తెలివిగా ఎత్తుకు పైఎత్తు వేసే కథలు లేవు. పెద్దగట్టును హైదరాబాద్‌లో, ఢిల్లీలో ఫైలు మీద చూసేవాడికి అది నాలుగు కొండలు, ఇంత టన్నుల ఖనిజం. ఆ ఊరి మీద ఒక మంచి థ్రిల్లర్ వచ్చి ఉంటే, రాష్ట్రమంతా ఆ తండా పేరు పలుకుతూ ఉంటే, ఆ ఫైలు మీద సంతకం పెట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగేది. మెక్సికో సిటీలో చనిపోయినవారి పండగకు అంత పెద్ద ఊరేగింపు లేనేలేదు. 2015లో 'స్పెక్టర్' సినిమా కోసం కల్పించారు, 2016 నుంచి నగరం దాన్ని నిజంగానే జరుపుకుంటోంది. లేని ఊరేగింపునే పుట్టించిన సినిమాకు, ఉన్న ఊరిని గుర్తు చేయడం ఓ లెక్కా?

మొన్న సాగర్ వెళ్లినప్పుడు కొత్త వంతెన దగ్గర చేపల ఫ్రై అమ్మే ఆయన్ను కంచె వేసిన రాత్రి గురించి అడిగాను. "పొద్దున లేచేసరికి కట్ట మీద అటోళ్లు అటు, ఇటోళ్లు ఇటు నిలబడ్డరు సార్. రెండు దిక్కులకూ చేపలు అమ్మినోణ్ని నేనే" అన్నాడు. ఎవరు ఎటు నుంచి వచ్చారో, ఎంతమంది ఉన్నారో, ఏం మాట్లాడుకున్నారో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. మధ్యలో నూనెలో చేప తిప్పడం మాత్రం ఆపలేదు.