నడవాలా, కనబడాలా?

మా బావమరిది అమరావతి చుట్టుపక్కల ప్లాట్లు అమ్ముతాడు. పాత స్విఫ్ట్‌లో సైట్‌కి తీసుకెళ్తే కస్టమర్లు ప్లాటు కన్నా ముందు బండిని చూసి, వీడికి అర్జెంటుగా డబ్బు అవసరమని కనిపెట్టేసి, గజానికి వెయ్యి తగ్గించమంటున్నారని వాడి బాధ. కాబట్టి వాడికి బీఎమ్‌డబ్ల్యూ కావాలి. కొత్త ఫైవ్ సిరీస్ 70 లక్షల పైమాటే, పాతది కాస్త బాగున్నది తీసుకుందామన్నా 12 లక్షలు చెబుతున్నారు. సరిగ్గా ఆ టైంలో విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక బ్రోకర్ ఫోన్ చేసి, ఫైవ్ సిరీస్‌లోనే 2014 మోడల్ 520డి ఒకటుంది, ఆరున్నరకే ఇప్పిస్తాను, చిన్న టచింగ్ తప్ప బండి పెళ్లికూతురిలా ఉంటుందన్నాడు.

"టచింగ్ అంటే ఏపాటి?"

"గేదె అడ్డొచ్చిందండి."

వెళ్లాం. నేను, బావమరిది, మా మావయ్యగారు. మావయ్యగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఇంట్లో మంచం మీద పడుకుని, రోడ్డు మీద పోయే బస్సు ఏ గేర్లో ఉందో చెప్పగలరు. బస్సు తర్వాత తయారైన బళ్లన్నీ అనవసరపు ఖర్చని ఆయన గట్టి నమ్మకం.

ఆటోనగర్ సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. లారీ ఛాసిస్ ఒక్కటి తోలుకుపోయి ఇస్తే క్యాబిన్, బాడీ, రంగులు, వెనకాల కవిత్వంతో సహా బిగించి పంపిస్తారు. అలాంటి చోట కూడా ఆ షెడ్డులో కుర్రాళ్లు ఈ కారును కాస్త దూరం నుంచే చూస్తున్నారు. బ్రోకర్ మమ్మల్ని పనిగట్టుకుని కుడివైపు నుంచి తీసుకొచ్చాడు. అటునుంచి గీత కూడా లేదు, నల్లగా నిగనిగలాడుతోంది. చుట్టూ తిరిగి అవతలికి వెళ్లేసరికి ఎడమ పక్క ముందు మూల అసలు లేనే లేదు. హెడ్‌లైటు ఉండాల్సిన చోట నాలుగు వైర్లు, బానెట్‌కి నడుము దగ్గర మడత. లోపల డాష్‌బోర్డు పగిలి ఎయిర్‌బ్యాగు బయటికి వేలాడుతోంది. దాన్ని సగం మడిచి, మడత మీద ఎవరో టీ గ్లాసు పెట్టి మర్చిపోయారు.

"గేదెకి ఏమైంది?" అన్నారు మావయ్యగారు.

"గేదె తప్పించుకుందండి. దాన్ని తప్పించబోయి డివైడర్‌కి కొట్టారు."

తర్వాత అరగంటలో ఆ డివైడర్ పక్కన ఆగి ఉన్న ట్రాక్టరు కూడా కథలోకి వచ్చింది. ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తే రైలు కూడా వచ్చేదేమో.

మావయ్యగారు జేబులోంచి వెంకటేశ్వరస్వామి బొమ్మ తీశారు. దండం పెట్టుకోవడానికి అనుకున్నా. కాదు, మా ఫ్రిజ్ మీది అయస్కాంతం. పుట్టీ పెట్టి రంగేసిన చోట అయస్కాంతం అంటదని యూట్యూబ్‌లో చూశారట. బానెట్ మీద పెట్టారు, స్వామి జారి కిందపడ్డాడు. కళ్లకద్దుకుని తీసి ఫెండర్ మీద, అంటే ముందు చక్రం పైన ఉండే రేకు మీద పెట్టారు, పడ్డాడు. ముందు డోరు, వెనక డోరు, ఎక్కడా నిలవలేదు. చివరికి టాప్ మీద పెడితే టక్కున అతుక్కున్నాడు.

"అల్లుడుగారూ! ఈ బండిలో టాప్ ఒక్కటే ఇనుము, మిగతాదంతా పుట్టీయే!" అని షెడ్డు అదిరిపోయేలా అరిచారు. పక్క షెడ్లలో వెల్డింగ్ ఆపి మరీ వచ్చారు జనం. బ్రోకర్‌కి చెమటలు పట్టాయి. వాడికీ తెలియదు పాపం. "గోల చెయ్యకండి సార్, ఇంకో యాభై తగ్గిస్తాను" అని చెవిలో చెప్పాడు.

అప్పటిదాకా బీడీ కాల్చుకుంటున్న మేస్త్రీ లేచొచ్చి, అది పుట్టీ కాదండీ, ఈ మోడల్‌కి బానెట్టు, ముందు ఫెండర్లు, డోర్లు కంపెనీయే అల్యూమినియంతో చేసింది, దానికీ అయస్కాంతం అంటదన్నాడు. బ్రోకర్ మొహం వెలిగింది, తగ్గించిన యాభై వేలు వెనక్కి లాక్కుందామని నోరు తెరిచాడు. ఈలోపు మేస్త్రీ మాట పూర్తి చేశాడు: "కాబట్టి సొట్ట పడితే ఇనుప రేకు లాగినట్టు సుత్తితో కొట్టి లాగడానికి కుదరదు. దీని పనిముట్లు వేరు, వెల్డింగు వేరు. ఇంత మడత పడ్డది మార్చెయ్యాల్సిందే." బ్రోకర్ నోరు మూసుకున్నాడు.

ఇక మావయ్యగారికి ఊపొచ్చింది. బ్యాటరీ చూపించమంటే డిక్కీ తీసి చూపించారు. డిక్కీలో బ్యాటరీ పెట్టినవాడు స్టెప్నీ ఎక్కడ పెట్టాడని అడిగితే, రన్‌ఫ్లాట్ టైర్లండీ, గాలి పోయినా కొంతదూరం నడుస్తాయి, స్టెప్నీ అక్కర్లేదన్నారు. "గాలి లేకపోయినా నడిచేదానికి గాలెందుకు కొట్టించడం?" అన్నారాయన. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

కానీ ఆర్టీసీ బుర్రని తక్కువ అంచనా వెయ్యకూడదు. లోపలికి తలపెట్టి చూసి, "బండిలో ఎంతమంది ఉన్నారన్నావు?" అని అడిగారు. డ్రైవర్ ఒక్కడే అన్నాడు బ్రోకర్. పక్క సీటు బెల్టు సాగిపోయి వేలాడుతోంది, ఎంత వదిలినా లోపలికి చుట్టుకోవట్లేదు. గుద్దుకున్న క్షణంలో మనిషిని సీటుకి బిగించి పట్టడానికి బెల్టులో చిన్న మందు పేలుతుంది, ఒకసారి పేలిందంటే ఆ బెల్టు పనికిరాదు, మార్చాలి. అది మనిషి ఒంటిమీద ఉండగానే బిగుసుకుపోయింది. అంటే పక్కన ఇంకొకరున్నారు.

ఈ విషయం మావయ్యగారు ఫోన్‌లో అత్తయ్యగారికి చెప్పారు. చెప్పకుండా ఉండాల్సింది. "అందులో ఎవరైనా పోయారేమో కనుక్కోండి" అని ఆవిడ స్పీకర్‌లో గట్టిగా అన్నారు. బ్రోకర్ ఫోన్ దగ్గరికి వంగి, "ఎవరూ పోలేదమ్మా, దిగి సెల్ఫీ కూడా తీసుకున్నారు" అన్నాడు.

నేను కాగితాలు అడిగా. ఇది ఇన్సూరెన్స్‌వాళ్లు టోటల్ లాస్ కింద తేల్చి వేలంలో అమ్మేసిన బండి. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే అలా తేల్చేస్తారు. కర్ణాటక నంబరు కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదని ఎన్‌ఓసీ కాగితం తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టుకోవాలి. రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సైట్‌లో నంబరు కొడితే ఓనరు, ఫైనాన్సు, ఇన్సూరెన్సు తేదీ అన్నీ వచ్చాయి కానీ గేదె సంగతి రాలేదు. మా వాడికి ఇవేవీ ఎక్కలేదు. వాడి లెక్క వాడిది: 12 లక్షల బండి ఆరుకి వస్తోంది, రిపేరు మహా అయితే మూడు, మూడు మిగులు.

"రిపేరు ఎంతవుతుంది?" అని మేస్త్రీని అడిగాం.

"బండి నడవాలా, కనబడాలా?" అన్నాడు.

నా జీవితంలో ఏ మెకానిక్కూ ఇంత నిజాయితీగా కొటేషన్ ఇవ్వలేదు. కనబడాలంటే రెండున్నర. సెకండ్ హ్యాండ్ హెడ్‌లైటు దొరికితే వేస్తాడు, డాష్‌బోర్డు అతికించి పైన తోలు కుట్టిస్తాడు, ఎయిర్‌బ్యాగు లైటు వెలక్కుండా వైర్ల మధ్య చిన్న రెసిస్టరు పెట్టేస్తాడు. అప్పుడు బండి తనకి ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని నమ్ముతుంది, మనమూ నమ్మాలి. (తాళం తిప్పగానే ఆ లైటు ఒకసారి వెలిగి ఆరాలి, అసలు వెలగలేదంటే ఎవరో దాని పని చూశారని అర్థం.) నడవాలంటే ఎయిర్‌బ్యాగులు, బెల్టులు, సెన్సర్లు, రేడియేటర్లు, అన్నీ కొత్తవి. ఆరు లక్షలు, అది కూడా విప్పకముందు మాట. బండి సెకండ్ హ్యాండ్ అయినంత మాత్రాన పార్టులు సెకండ్ హ్యాండ్ రేటుకి రావు కదా.

వద్దురా, పద, అని వెనక్కి తిరిగితే మా వాడు లేడు. షెడ్డు బయట ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. మేం అయస్కాంతంతో కుస్తీ పడుతున్నప్పుడు వాడు కుడివైపు నుంచి బండి మీద చెయ్యేసి ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టేశాడు. "న్యూ బీస్ట్" అని కింద రాశాడు. తెనాలి పిన్నిగారు, గుంటూరు బాబాయిగారు, ఇంటర్‌లో వాడితో పాటు ఫెయిలైనవాళ్లు, అందరూ పార్టీ ఎప్పుడని ఫోన్లు. అవి పర్లేదు. రెండేళ్ల నుంచి వీడికి మూడు లక్షలు అప్పిచ్చి, "ఇబ్బందుల్లో ఉన్నావు కదా, నిదానంగా ఇవ్వులే" అంటున్న చిట్టీల ఆయన కూడా ఆ స్టేటస్ చూశాడు. ఆయన పార్టీ అడగలేదు. సాయంత్రానికి ఇంటికొస్తున్నానని చెప్పాడు.

వచ్చాడు కూడా. బండి అడ్వాన్సుకని తీసి పెట్టుకున్న డబ్బు ఆయన సంచిలోకి వెళ్లింది. కొనాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో ఇక జరగలేదు. అత్తయ్యగారు మాత్రం స్వామివారి బొమ్మని పసుపు నీళ్లతో కడిగి ఫ్రిజ్‌కి మళ్లీ అంటించారు.

చుట్టాలు ఇప్పటికీ బండేదిరా అని అడుగుతుంటారు. జర్మనీ నుంచి ఒక పార్టు రావాలండీ అంటాడు. అబద్ధం కూడా కాదు, ఆ బండికి నిజంగానే రావాలి. తమాషా ఏంటంటే ఆ స్టేటస్ చూసి ఒకాయన ఫోన్ చేసి, సైట్ చూడకుండానే రెండు ప్లాట్లకి టోకెన్ వేశాడు. మర్నాడు ఆయన్ని సైట్‌కి తీసుకెళ్లాలి, స్విఫ్ట్ కనబడితే పరువు పోతుందని మా వ్యాగన్ఆర్ పట్టుకెళ్లాడు. "మా బావది, నాది సర్వీసింగ్‌కి ఇచ్చా" అని చెప్పాడట. పెట్రోలు మాత్రం నా చేతే కొట్టించాడు.