మూడు కూల్చారట, సగం కూలాయట: ఎఫ్-117 ఫార్వర్డ్‌కి టెయిల్ నంబర్లతో జవాబు

మా స్కూల్ బ్యాచ్ గ్రూపులో రెండు మూడు నెలలకోసారి తిరిగి తిరిగి వచ్చే మెసేజ్ ఒకటుంది. పైన నల్ల విమానం ఫొటో, కింద "అమెరికా దాచిన నిజం" అని హెడ్డింగు, చివర్లో పది మందికి పంపండి అని. అందులో ఉన్నది క్లుప్తంగా చెప్తా. రాడార్‌కి సులువుగా దొరకని అమెరికా స్టెల్త్ విమానాలు ఎఫ్-117ల్ని 1999 కొసావో యుద్ధంలో సెర్బియా వాళ్ళు మూడు కూల్చారట, అమెరికా ఒక్కటే ఒప్పుకుని మిగతా రెండింటి నంబర్లు వేరే విమానాల మీద పెయింట్ చేసి కప్పెట్టిందట. ఆ ఫ్లీట్ సగం దానంతట అదే కూలిపోయిందట. 803 అనే ఒక్క విమానం మిగతావన్నీ కలిపి చేసిన దానికంటే ఎక్కువ యుద్ధ సార్టీలు (ఒక్కసారి దాడికి ఎగిరెళ్ళి రావడం ఒక సార్టీ) చేసిందట. 2008లో అన్నిటినీ తుక్కు చేసేశారు కాబట్టి ఇప్పుడు నెవాడాలో ఎగురుతున్నది వేరే రహస్య విమానమట. కూలిన ముక్కలు కొనుక్కుని చైనా తన స్టెల్త్ ఫైటర్ జే-20 తయారు చేసిందట.

ఇన్నాళ్ళూ చూసి వదిలేశా, ఈసారి పంపినవాడు "నీకు ఈ పిచ్చి ఉంది కదరా, తప్పైతే చెప్పు" అన్నాడు కాబట్టి కూర్చున్నా. అవును, నాకా పిచ్చి ఉంది, ఒక్కో ఎఫ్-117కీ ఒక్కో వరస పెట్టి, ఎప్పుడు పోయింది, ఇప్పుడెక్కడుంది అని రాసుకున్న ఎక్సెల్ షీట్ ఉంది.

మొదట ఆ నంబర్ల సంగతి తెలియాలి, అది తెలిస్తే సగం గోల అక్కడే తీరిపోతుంది. ఎఫ్-117 సీరియల్‌లో మొదటి రెండు అంకెలు ఏ సంవత్సరం బడ్జెట్‌లో కొన్నారో చెప్తాయి, వాటిని నమ్ముకుంటే కళ్ళు తిరుగుతాయి, ఎందుకంటే 813 ముందు 85 ఉంటుంది, దాని తర్వాతి 824 ముందు 84 ఉంటుంది. చూడాల్సింది చివరి మూడు అంకెలు. అవి 780 దగ్గర మొదలై 843 దగ్గర ఆగుతాయి, మధ్యలో ఒక్కటి కూడా ఖాళీ లేదు. వేళ్ళ మీద లెక్కపెట్టండి, 64. మొదటి ఐదూ (780 నుంచి 784) డెవలప్‌మెంట్ విమానాలు, 785 నుంచి 843 దాకా 59 ప్రొడక్షన్ విమానాలు. 780 మొదటిసారి ఎగిరింది 1981 జూన్ 18న, 843 ఎయిర్‌ఫోర్స్ చేతికొచ్చింది 1990 జులైలో. ఆ తర్వాత లైను మూసేశారు, ఇంకొక్కటి కూడా తయారు కాలేదు.

ఇప్పుడు "మూడు కూల్చారు" సంగతికొద్దాం. ఒకటి కూల్చారు, అందులో అనుమానమే లేదు, అమెరికా కూడా ఎప్పుడూ కాదనలేదు. 806 నంబరు, దాని ముద్దుపేరు సమ్‌థింగ్ వికెడ్, 1999 మార్చి 27 రాత్రి బెల్‌గ్రేడ్ పడమటి వైపు బుజానోవ్‌త్సీ అనే ఊరి పొలాల్లో పడింది. కొట్టింది 250వ ఎయిర్ డిఫెన్స్ బ్రిగేడ్ మూడో బ్యాటరీ, కమాండర్ జోల్తాన్ దాని, వాడింది ఎస్-125 నేవా అనే 60లనాటి సోవియట్ మిసైలు. పైలట్ డేల్ జెల్కో ఎజెక్ట్ అయ్యాడు, దాదాపు ఎనిమిది గంటలు దాక్కున్నాక హెలికాప్టర్లొచ్చి తీసుకెళ్ళాయి. ముక్కలు ఇప్పటికీ బెల్‌గ్రేడ్ ఏవియేషన్ మ్యూజియంలో ఉన్నాయి.

రెండో విమానం, మూడో విమానం అనే కథ ఎక్కడ పుట్టిందో నాకొక ఊహ ఉంది. ఆ రాత్రి దొరికిన కానపీ (పైలట్ తల మీదుండే అద్దాల మూత) మీద రాసున్న పేరు జెల్కోది కాదు, ఇంకో కెప్టెన్‌ది. మర్నాడు టీవీల్లో ఆ కెప్టెనే కూలాడని చెప్పారు, తర్వాత జెల్కో పేరొచ్చింది, దాంతో "ఇద్దరు పైలట్లు కాబట్టి రెండు విమానాలు" అని లెక్కేసుకున్నవాళ్ళు చాలామందే. కానపీ పక్కన రాసే పేరు ఆ విమానం ఎవరి పేరు మీద కేటాయించారో చెప్తుంది, ఆ రాత్రి ఎవరు ఎక్కారో చెప్పదు. బస్సు అద్దం మీద ఓనరు పేరు చూసి నడిపింది ఆయనే అనుకున్నట్టు ఉంటుంది ఇది.

సరే, నిజంగానే ఇంకో రెండు కూల్చారనే అనుకుందాం, లెక్క ఎలా మారాలో చూడండి. 59 ప్రొడక్షన్ విమానాల్లో పోయినవి మొత్తం ఏడు (ఒక్కోదాని కథ కింద చెప్తా), అంటే 52 మిగలాలి. 2005 చివర్లో పెంటగాన్ బడ్జెట్ పత్రంలో ఈ విమానాల్ని రిటైర్ చేయాలని ప్రతిపాదించినప్పుడు రాసిన సంఖ్య ఎంతో తెలుసా, 52. మొదటి ఏడాది 10, రెండో ఏడాది 42. రహస్యంగా ఇంకో రెండు పోయుంటే 50 అని ఉండాలి. "నంబర్ మార్చి పెయింట్ చేశారు" అంటారా, పెయింట్ వేయడానికి విమానమంటూ ఒకటి ఉండాలి కదా, 843 తర్వాత ఫ్యాక్టరీలోంచి ఒక్కటీ బయటికి రాలేదు, మరి ఆ అదనపు విమానం ఎక్కణ్ణుంచి తెచ్చారు, రంగు డబ్బాలోంచి పుట్టిందా?

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. అదే యుద్ధంలో ఇంకో ఎఫ్-117కి మిసైలు దెబ్బ తగిలిందని, అది ఎలాగో ఈదుకుంటూ బేస్‌కి చేరిందని ఆ యుద్ధంలో ఎగిరిన ఒక రిటైర్డ్ పైలట్ 2020లో స్వయంగా చెప్పాడు. ఆయన మాటని కొట్టిపారేయను. కానీ దెబ్బ తిని తిరిగొచ్చింది వేరు, కూలింది వేరు. తిరిగొచ్చిన విమానం మళ్ళీ ఎగిరినా ఎగరకపోయినా ఆ 52లోనే ఉంటుంది.

తర్వాతది "సగం కూలిపోయాయి". ఏడు అన్నాను కదా, వరసగా చెప్తా.

785. మొదటి ప్రొడక్షన్ విమానం, 1982 ఏప్రిల్ 20, ఎయిర్‌ఫోర్స్‌కి అప్పగించకముందే పోయింది. నాకు మొత్తం షీట్‌లో ఎక్కువ గుచ్చుకునే లైను ఇదే. కంట్రోల్ సిస్టమ్‌లోని ఒక భాగాన్ని ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చినప్పుడు పిచ్ వైరూ యా వైరూ తారుమారు చేసి కలిపారు. అంటే ముక్కు పైకెత్తమని పైలట్ చెప్తే విమానం పక్కకి తిరగాలన్నట్టు అర్థం చేసుకుంటుంది. లాక్‌హీడ్ టెస్ట్ పైలట్ బాబ్ రీడెనౌర్ రన్‌వే మీంచి లేచాడో లేదో విమానం వెల్లకిలా తిరగబడి నేలకి కొట్టుకుంది. ప్రాణం దక్కింది గానీ నెలల తరబడి ఆస్పత్రిలోనే, మళ్ళీ టెస్ట్ పైలట్‌గా ఎగరలేకపోయాడు. ఇక్కడో చిక్కు ఉంది, పామ్‌డేల్‌లో లాక్‌హీడ్ ఫ్యాక్టరీ ముందు స్తంభం మీద నిలబెట్టిన ఎఫ్-117 ఈ 785 ముక్కలూ, ఎప్పుడూ ఎగరని గ్రౌండ్ టెస్ట్ ఫ్రేమ్ ముక్కలూ కలిపి అతికించింది. దాని ఫొటో పెట్టి "చూడండి, కూలిందన్న 785 బతికే ఉంది" అని ఇంకో మెసేజ్ తయారైనా నేను ఆశ్చర్యపోను.

792, 1986 జులై 11, మేజర్ రాస్ మల్‌హేర్, కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ దగ్గర కొండల్లో. విమానం ఉందన్న సంగతే బయట ప్రపంచానికి తెలియని రోజులవి, 1988 నవంబర్ దాకా ఒప్పుకోలేదు, అందుకే కొండంతా కాపలా పెట్టి చిన్న ముక్క కూడా వదలకుండా ఏరుకున్నారు, పోతూ పోతూ పాత ఎఫ్-101 ఊడూ ముక్కలు చల్లి వెళ్ళారని చెప్తారు. ఫార్వర్డ్ రాసినవాడికి కావాల్సిన మసాలా అంతా ఇక్కడుంది, పాపం దీన్నే వదిలేశాడు. 815, 1987 అక్టోబర్ 14, నెవాడాలో నెల్లిస్ రేంజిలో, పైలట్ చనిపోయాడు. ఈ రెండూ రాత్రి ప్రమాదాలే, అప్పట్లో వీటిని రాత్రిళ్ళు తప్ప ఎగరనిచ్చేవాళ్ళు కాదు.

801, 1992 ఆగస్టులో న్యూ మెక్సికోలోని హాలోమన్ ఎయిర్‌ఫోర్స్ బేస్ దగ్గర, మంటలంటుకుంటే పైలట్ ఎజెక్ట్ అయ్యాడు. 822, 1995 మేలో న్యూ మెక్సికోలో జూని దగ్గర, పైలట్ చనిపోయాడు.

793 గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే దాని వీడియోనే ఎప్పుడూ "సెర్బియాలో కూలిన దృశ్యం" అని తిప్పుతుంటారు. పట్టపగలు, నీలాకాశం, ఎడమ రెక్క విరిగి విమానం గిరగిరా తిరుగుతూ పడే వీడియో. సెర్బియాలో పడింది రాత్రి ఎనిమిది దాటాక. ఈ వీడియో 1997 సెప్టెంబర్ 14న బాల్టిమోర్ దగ్గర మిడిల్ రివర్‌లో జరిగిన ఎయిర్ షోది. ఎడమ రెక్కలో ఎలెవాన్ని (రెక్క వెనక అంచున కదిలే పలక) కదిలించే హైడ్రాలిక్ యాక్చుయేటర్‌ని రెక్క నిర్మాణానికి కట్టి ఉంచే బిగింపు ఒకటుంటుంది, దాన్ని వాళ్ళు బ్రూక్లిన్ బ్రిడ్జ్ అని పిలుస్తారు. అందులో ఐదు ఫాస్టెనర్లుండాలి, నాలుగు లేవు. అంతకుముందు ఏడాది మెయింటెనెన్స్‌లో విప్పి మళ్ళీ బిగించేటప్పుడు పెట్టలేదు, ఒక్కదాని మీదే నెలల తరబడి ఎగిరి ఎగిరి ఆ రోజు ఎలెవాన్ వణికి రెక్క ఊడిపోయింది. మేజర్ బ్రయన్ నైట్ ఎజెక్ట్ అయ్యాడు. బోల్టులు పెట్టడం మర్చిపోతే కూలిన విమానాన్ని మిసైలు ఖాతాలో వేస్తున్నారన్నమాట.

ఏడోది 806. ఇంతే. 64లో 7, అందులో శత్రువు చేతిలో 1. తక్కువేం కాదు, కానీ సగానికి ఎక్కడ, ఏడుకి ఎక్కడ. కొంతమంది హావ్ బ్లూ విమానాలు రెండూ కలుపుతారు, అవి 1978లో ఒకటి, 1979లో ఒకటి కూలాయి, కానీ అవి సైజులో చాలా చిన్న ప్రయోగ విమానాలు, ఎఫ్-117లు కావు. పోనీ కలపండి, తొమ్మిదే.

803 కథకి పెద్ద లెక్క అక్కర్లేదు. అన్‌ఎక్స్‌పెక్టెడ్ గెస్ట్ అని పేరున్న ఆ విమానం 78 యుద్ధ సార్టీలు చేసింది, అది గొప్పే, ఇప్పుడు సిమి వ్యాలీలో రీగన్ లైబ్రరీ దగ్గర ఉంది, 2019 డిసెంబర్ నుంచి. కానీ "మిగతావన్నీ కలిపినా ఇంత లేదు" అనడం కాకి లెక్క. 1991 గల్ఫ్ యుద్ధం ఒక్కదాంట్లోనే 40 పైచిలుకు ఎఫ్-117లు కలిసి దాదాపు 1,270 సార్టీలు చేశాయి, ఒక్కటి కూడా పోలేదు. తలా ముప్ఫై వేసుకున్నా మూడు విమానాలు కలిస్తే 803ని దాటేస్తాయి.

ఇక 2008. ఆ ఏడాది ఏప్రిల్ 22న చివరి నాలుగూ నెవాడాలోని టోనోపా చేరాయి. తుక్కు చేసింది ఒకదాన్నే, 784ని, అదే నెలలో పామ్‌డేల్‌లో ఎక్స్‌కవేటర్‌తో పీకి ముక్కలు చేశారు, ఫొటోలున్నాయి, అవే చూసి "అన్నిటినీ" అనేశారు. మిగతా విమానాల్ని ఎడారిలో ఎండకి వదిలేయకుండా రెక్కలు తీసి హ్యాంగర్లలో పెట్టారు, ఎందుకంటే అవసరమైతే మళ్ళీ వాడేలా ఉంచాలని చట్టంలోనే రాశారు. ఆ షరతు 2017 రక్షణ బడ్జెట్ చట్టంతో ఎత్తేశారు, ఏడాదికి నాలుగు చొప్పున వదిలించుకోవచ్చన్నారు, అక్కణ్ణుంచే మ్యూజియాలకి రావడం మొదలైంది: 799 హిల్‌కి, 813 క్యాజిల్‌కి, 817 కలమజూకి, 833 పామ్ స్ప్రింగ్స్‌కి. ఇచ్చేముందు రాడార్‌ని మింగే పూత గీకేసి, రెక్కల ముందంచులు కోసేసి మరీ ఇస్తారు, మ్యూజియం వాళ్ళు ఆ అంచుల్ని సొంతంగా తయారు చేసుకుని అతికించుకోవాలి. కాబట్టి మ్యూజియంలో ఉన్నదాని ఫొటో పెట్టి "అంచులు తేడాగా ఉన్నాయి, ఇది డూప్లికేట్" అనకండి బాబూ, తేడాగానే ఉంటాయి.

మిగిలినవాటిలో కొన్ని ఇప్పటికీ ఎగురుతున్నాయి, ట్రైనింగ్‌లో శత్రువు పాత్ర వేయడానికి. ఇది రహస్యమూ కాదు, 2021 సెప్టెంబర్‌లో రెండు ఎఫ్-117లు ఫ్రెస్నో ఎయిర్‌పోర్టులో పట్టపగలు దిగాయి, 2034 దాకా ఎగరేసే ఆలోచన ఉందని 2022లో ఎయిర్‌ఫోర్సే కాంట్రాక్టర్ల కోసం అడుగుతూ రాసింది.

చైనా సంగతి నా షీట్‌లో తేలేది కాదు. చైనా ఏజెంట్లు ఊళ్ళో రైతుల దగ్గర ముక్కలు కొన్నారని ఒక క్రొయేషియా అడ్మిరల్ 2011లో చెప్పాడు, కొనే ఉండొచ్చు. కానీ ఎఫ్-117 అంతా పలకలు పలకలుగా చెక్కినట్టుంటుంది, జే-20 వంపులు తిరిగి నున్నగా ఉంటుంది, ముక్క చూసి పూత గురించి ఏమైనా నేర్చుకున్నారేమో గానీ ఆ ఆకారం మాత్రం అందులోంచి రాలేదు.

ఇదంతా గ్రూపులో పెడితే మావాడు అరగంట ఆలోచించి, "మరి 1999 తర్వాత 806 నంబరుతో ఇంకో విమానం ఎక్కడైనా కనిపిస్తే?" అన్నాడు. కనిపిస్తే పంపరా, తోక మీద మూడంకెలూ కనబడాలి, తేదీ ఉండాలి, షీట్‌లో ఆ గడి పక్కన చోటుంచా అన్నాను. నిన్న ఒకటి పంపాడు. జూమ్ చేసి చూస్తే 808.