1818 నాటి ‘రాముడి అణా’ కంపెనీ వేసింది కాదు

వాట్సాప్‌లో ఎన్నిసార్లు పోయినా మళ్లీ వచ్చే ఫొటో ఇది. ఒకవైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు. రెండోవైపు ‘ఈస్టిండియా కంపెనీ, 1818, వన్ అణా’. కింద వ్యాఖ్య: ‘బ్రిటిష్‌వాళ్లే రాముడి నాణెం వేశారు. అయస్కాంతానికి అంటదు కాబట్టి అసలు రాగి. బియ్యాన్ని లాగుతుంది. లక్షలు పలుకుతుంది.’

మొదటి మాటే తప్పు. 1818లో బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీలు ఎవరి నాణేలు వాళ్లే వేసుకునేవి. మద్రాసు కోసం 1803లో ఇంగ్లండులోని సోహో టంకశాలలో కొట్టించిన ఇరవై కాసుల రాగి నాణెం చూడండి: ముందు కంపెనీ చిహ్నం, వెనక పారశీక అక్షరాలు. అన్ని ప్రాంతాలకూ ఒకే తరహా నాణేలు 1835లో వచ్చాయి. వాటిలోనూ రాగివి అర్ధణా, పావు అణా (కానీ) వంటి చిల్లరే. అణా చాలాకాలం లెక్కల్లోనే ఉంది. బిళ్లగా చేతికొచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో, అదీ అంచు వంకీలు తిరిగిన రాగి-నికెల్ మిశ్రమంతో.

కంపెనీ అసలు దేవుళ్ల జోలికే పోలేదా అంటే, పోయింది. మద్రాసు వరహాల మీద ఇద్దరు దేవేరులతో వేంకటేశ్వరుడున్నాడు. 1808 నాటి వెండి పావు వరహా మీదైతే ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణువు, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు! ఇంత మంచి నాణేన్ని వదిలేసి ఆ అణానే ఎందుకు ఫార్వర్డ్ చేస్తారో అర్థం కాదు. అది పూజకు పెట్టుకునే రామటంకాల నమూనాకు కంపెనీ పేరు తగిలించిన బిళ్ల.

ఇక అయస్కాంతం. రాగి నాణెమన్నది అంటుకుంటే నకిలీ అని తేలుతుంది. అంటకపోతే ఏమీ తేలదు, ఇత్తడీ సీసమూ కూడా అంటవు. పచ్చటి చిలుమునూ నమ్మలేం, రసాయనాలతో తెప్పిస్తారు. భూతద్దం పెట్టి అంచు చూడాలి. కంపెనీ నాణేలు అచ్చుల మధ్య కొట్టినవి. పోతపోసిన నకలుకు అంచు చుట్టూ అతుకు గీత ఉంటుంది, లేదా దాన్ని పోగొట్టడానికి రాసిన ఆకురాయి గీతలుంటాయి. ఒంటి మీద గాలిబుడగల గుంటలు, అరిగిన సబ్బుబిళ్ల మీదిలా మొద్దుబారిన అక్షరాలు. రెండు బిళ్లల మీద ఒకే చోట ఒకే నొక్కు కనిపిస్తే రెండూ ఒకే మూసలోవి.

బియ్యం సంగతి మరీ అన్యాయం. గింజలకు ఇనుప రజను పట్టించి, అయస్కాంతం దాచి చేసే గారడీ అది.

లక్షల ధరంటారా? పాత నాణేల కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, అందుకోసం ఏ రుసుమూ వసూలు చేయనని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటించింది. అయినా ‘ముందు జీఎస్టీ కట్టండి’ అంటూ ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అలా అడిగేవాడు అంచు ఫొటో ఒక్కటీ అడగడు.