పిల్లుల్ని చంపమని ఆ పోప్ ఎక్కడా రాయలేదు

"1233లో పోప్ తొమ్మిదో గ్రెగరీ పిల్లులు సైతాను రూపమన్నాడు, యూరప్ అంతా చంపించాడు, ఎలుకలు పెరిగి ప్లేగు వచ్చింది." వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న మాట ఇది. ఇందులో నిజమల్లా 1233లో ఒక లేఖ రాశాడన్నదే.

ఆ లేఖ 'వోక్స్ ఇన్ రామా'. జర్మనీలో మతద్రోహుల రహస్య కూటమి ఉందని అందులో వర్ణించాడు. కొత్తగా చేరేవాడు ముందు కప్పని ముద్దుపెట్టుకోవాలట. తర్వాత పాలిపోయి, మంచుగడ్డలా చల్లగా ఉన్న మనిషిని ముద్దాడగానే క్రైస్తవ విశ్వాసం మనసులోంచి తుడిచిపెట్టుకుపోతుందట. విందయ్యాక విగ్రహం మీంచి నల్లపిల్లి తోకెత్తి వెనక్కి నడుస్తూ దిగుతుందట. పిల్లి ఊసు ఆ తంతు వర్ణనలోనే. చంపమన్న ఆజ్ఞ లేదు. శిక్షించమన్నది మనుషుల్ని.

చర్చికి పిల్లులంటే పగ అంటారా? ఇంగ్లండులో ఎక్సెటర్ కెథడ్రల్ లెక్కల పుస్తకాలు చూడండి. 1305 నుంచి పిల్లి పేరున మూణ్ణెల్లకు 13 పెన్నీల ఖర్చు రాసి ఉంది. అంటే వారానికో పెన్నీ. పోప్ నిషేధించిన జంతువుకి బిషప్ గుడిలోనే జీతం ఇస్తారా?

ఇక ప్లేగు. అది సిసిలీలో మెస్సీనా రేవుకి చేరింది 1347లో, లేఖ రాసిన 114 ఏళ్లకి. పోప్ మాట చెల్లని కైరో, డమాస్కస్‌లలోనూ 1348లో జనం అలాగే రాలిపోయారు. పైగా ప్లేగు పిల్లులకీ సోకుతుంది.

ఈ పోప్‌ని ఎదిరించిన, జర్మనీ, ఇటలీలని ఏలిన రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి హేతువాది అన్న మాట కూడా వింటుంటాం. జబ్బుపడి క్రూసేడు (జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన మతయుద్ధం) యాత్ర మధ్యలో వెనుదిరిగాడని 1227లో, మళ్లీ 1239లో గ్రెగరీ అతన్ని వెలివేసిన మాట నిజం. కానీ ఉత్తర ఇటలీలోని లొంబార్డీలో మతద్రోహుల్ని సజీవదహనం చెయ్యమని 1224లో శాసనం చేసింది ఆ ఫ్రెడరికే. గ్రెగరీ దాన్నే అందిపుచ్చుకున్నాడు. ఇటలీ కోసం కొట్టుకున్న ఇద్దరికీ ఈ ఒక్క విషయంలో పేచీ లేదు.

నన్ను బాధపెట్టేది ఇదే: పిల్లుల కథలో పడి, కాలిపోయిన మనుషుల్ని మరిచిపోతున్నాం. ఆ లేఖ అందుకున్నవాళ్లలో జర్మనీలో మతద్రోహుల్ని విచారించే మార్బర్గ్ కొన్రాడ్ ఒకడు. అతని ముందు నేరం ఒప్పుకున్నవాళ్లకి గుండు గీసేవారు, కాదన్నవాళ్లని కాల్చేవారు. సాయిన్ ప్రభువు హెన్రీ మీదా నేరం మోపాడు. జర్మనీలోని మైన్జ్‌లో జరిగిన బిషప్పుల, ప్రభువుల సభ ఆయన్ని నిర్దోషిగా వదిలింది. లేఖ రాసింది 1233 జూన్‌లో. అదే ఏడాది జూలై 30న, ఆ సభ నుంచి ఇంటికి వెళ్తున్న కొన్రాడ్‌ని మార్బర్గ్ దగ్గర దారికాచి చంపేశారు.