పాయిఖానాకి ఖజానా తాళం

మా అపార్ట్‌మెంట్‌లో నిన్నమొన్నటిదాకా తాళం పడని చోటు ఒక్కటే ఉండేది. స్టిల్ట్ పార్కింగ్‌లో జనరేటర్ వెనక, మెట్ల కింద ఉన్న బాత్రూమ్. వాచ్‌మన్లు, డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లు వాడుకునేది. లోపల ఒక బకెట్, హ్యాండిల్ విరిగిన మగ్గు, ఎప్పుడో ప్రాణం పోయిన ఫ్లష్ ట్యాంకు ఉంటాయి. ఇంత ఆస్తిని ఇన్నేళ్లు బార్లా తెరిచి పెట్టుకున్నామంటే బెంగళూరు దొంగలు మా మీద దయ తలిచారనే అనుకోవాలి.

దసరా ముందు ఆదివారంతో ఆ నిర్లక్ష్యం ముగిసింది. ఇప్పుడు ఆ తలుపుకి అంకెలు నొక్కి తెరిచే మెకానికల్ కీప్యాడ్ లాక్ ఉంది.

మాది మారతహళ్లి వెనక, 48 ఫ్లాట్లు, ముప్పాతిక మనవాళ్లే. జనరల్ బాడీ మీటింగ్ కన్నడలో మొదలై, ఇంగ్లీషులో నడిచి, తెలుగు కొట్లాటతో ముగుస్తుంది. ఈసారి ఎజెండా ‘బయటివాళ్లు కామన్ టాయిలెట్ వాడుట’. బయటివాళ్లంటే ఎవరయ్యా అంటే, రోజూ పొద్దున 6 గంటలకు మనకంటే ముందే లోపలికి వచ్చేవాళ్లు.

“నీళ్లండీ, నీళ్లు! ట్యాంకర్ బిల్లు చూశారా?” అన్నారు సెక్రటరీగారు. చూశాం. 2024 మార్చిలో కరువొచ్చి, తాగే నీళ్లతో కార్లు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అని నీటి బోర్డు ప్రకటించిన వారం కూడా మా పార్కింగ్‌లో కార్లు పెళ్లికొడుకుల్లా మెరిశాయి. మరి ఆ నీళ్లన్నీ ఎటు పోయాయంటే, ఆ విరిగిన మగ్గులోంచే పోయాయని తేలింది. తీర్మానం ఏకగ్రీవం.

మామూలు తాళం ఒకటి కొని, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెడితే 150 రూపాయల్లో పని అయిపోయేది. కానీ మా కమిటీలో ఐదుగురు ఇంజినీర్లున్నారు.

వాళ్లు హార్డ్‌వేర్ షాపులుండే ఎస్.పి. రోడ్డుకి వెళ్లి, ఒక పూట తిరిగి, మెకానికల్ కీప్యాడ్ లాక్ పట్టుకొచ్చారు. బ్యాటరీ ఉండదు, వైఫై ఉండదు, కరెంటు పోయినా పనిచేస్తుంది. బరువైన ఉక్కు పెట్టె మీద పది అంకెలు, కింద అంతకుముందు నొక్కినవి చెరిపే సి అనే బటన్. దాని ధర తలుపు ధరకి మూడింతలు. ముక్కు కంటే ముక్కెర బరువన్నమాట, కానీ కమిటీ దాన్ని పెట్టుబడి అంది.

కోడ్ ఎంపికకి విడిగా ఒక సాయంత్రం కేటాయించారు. ఈ రకం తాళంలో ఒక బటన్ కోడ్‌లో ఒక్కసారే వస్తుంది. కాబట్టి 2025 కుదరలేదు. ప్రెసిడెంటుగారు పుట్టిన 1977 కూడా కుదరలేదు, ఆయన ఇప్పటికీ అలిగే ఉన్నారు. చివరికి సెక్రటరీగారు ఒక దేశభక్తి గల సంవత్సరం చెప్పారు. నాలుగంకెలూ వేరువేరు. అందరం చప్పట్లు కొట్టాం. భద్రతా కారణాల వల్ల ఆ సంవత్సరం ఇక్కడ రాయడం లేదు.

ఇక ఆ ఆదివారం సంగతి చెప్పాలి.

పొద్దున 9 గంటలకి ఐదుగురూ షార్టులేసుకుని దిగారు. కార్పెంటర్‌ని కూడా పిలిచారు, కానీ చెయ్యి వేయనివ్వలేదు. డ్రిల్లింగ్ మిషన్ ఆయనది, తెలివి వీళ్లది. ఆయన స్కూటర్ స్టాండ్ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు.

మొదట పెట్టెలో వచ్చిన కాగితం మూస తలుపుకి అంటించి, కన్నాలు ఎక్కడెక్కడ పడాలో పెన్సిల్‌తో గుర్తుపెట్టారు. మడత పెట్టాల్సిన గీత దగ్గర మడవకుండా అంటించడంతో పెద్ద కన్నం తలుపు అంచుకి అంగుళం ఇవతల పడింది. ఆ కన్నం ఇప్పటికీ ఉంది. దానికి ఎం-సీల్ పూశారు. తర్వాత తలుపు మందం సమస్య. ఈ లాక్ 35 మిల్లీమీటర్ల పైన మందమున్న తలుపుకి చేసింది, మాది 30 కూడా లేదు. వెనక ప్లైవుడ్ ముక్క పెట్టి బిగించారు. ఆ తర్వాత స్పిండిల్, అంటే హ్యాండిల్ తిప్పితే గడియని కదిలించే కడ్డీ. పెట్టెలో రెండిచ్చాడు, ఒకటి కుడివైపు తెరుచుకునే తలుపుకి, ఇంకోటి ఎడమవైపు తలుపుకి. మా తలుపు కుడా, ఎడమా? బయట నిలబడి చూస్తే కుడి, లోపల నిలబడి చూస్తే ఎడమ. ఇద్దరు బయట, ముగ్గురు ఆ మూడడుగుల గదిలోపల నిలబడి ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. దేశంలో ఎన్నికలప్పుడు కూడా ఇంత గట్టిగా వాదించుకోగా నేను వినలేదు.

కోడ్ మార్చడం మరీ ఘనకార్యం. సి నొక్కి, వెనక ప్లేటు విప్పితే లోపల బుల్లిబుల్లి టంబ్లర్లు ఉంటాయి. టంబ్లర్ అంటే మనకు తెలిసింది ఫిల్టర్ కాఫీది, ఇది బియ్యపు గింజకి అన్నయ్యంత ఉంటుంది. కోడ్‌లో ఉన్న అంకెలకి ఒక రంగువి, లేని అంకెలకి ఇంకో రంగువి. పట్టకారుతో తీసి చోటు మార్చాలి, ప్రతిదాని కింద ఒక స్ప్రింగు. బడ్జెట్ ప్రెజెంటేషన్లు ఇచ్చే చేతులు వణికాయి. ఒక స్ప్రింగు ఎగిరి నీళ్లు పోయే జాలీలో పడింది. రెండో అంతస్తు బాబుగారు ఆ జాలీ ఎత్తి, మోచేతిదాకా చెయ్యి పెట్టి దాన్ని తీశారు. ఆ బాత్రూమ్‌కి ఇన్నేళ్లలో ఓనర్లు చేసిన మొట్టమొదటి సేవ అది.

అన్నీ బిగించాక తలుపు పడలేదు. ఎన్నిసార్లు తోసినా వెనక్కి వస్తోంది. ఐదుగురూ ఫోన్లలో ఐదు వీడియోలు పెట్టారు. కార్పెంటర్ టీ గ్లాసు కింద పెట్టి, “సార్, నాలుక ఉల్టా ఉంది” అన్నాడు. లాచ్ ఏటవాలు వైపు చౌకట్టుకి ఎదురుగా ఉండాలి, వీళ్లు చదును వైపు పెట్టారు. ఆయన వచ్చి తిప్పి, మిగతాది కూడా విప్పి మళ్లీ బిగించి, నలభై నిమిషాల్లో ముగించాడు. వెళ్లేముందు చెయ్యి కడుక్కోడానికి బాత్రూమ్ కోడ్ అడిగాడు. “బయటివాళ్లకి ఇవ్వడం లేదు” అన్నారు సెక్రటరీగారు.

ఆ రాత్రి గ్రూపులో ప్రకటన వచ్చింది. నాలుగంకెల కోడ్, పదివేల కాంబినేషన్లు, బ్యాంకు స్థాయి భద్రత. మర్నాడు మూడో అంతస్తులో ఇంటర్ చదివే అమ్మాయి కిందికి దిగి, అంకెలు వెనకనుంచి ముందుకి నొక్కింది. తెరుచుకుంది. ఈ తాళానికి వరుసతో పనిలేదు, ఆ నాలుగు బటన్లు నొక్కితే చాలు. పదిలోంచి నాలుగు ఎన్ని రకాలుగా ఏరొచ్చో ఆ పిల్ల గ్రూపులో లెక్క కట్టి పెట్టింది. 210. ఒక్కోదానికి 4 సెకన్లనుకుంటే మొత్తం 14 నిమిషాలు. “ఆ అవసరంలో వచ్చినవాడు 14 నిమిషాలు ఎక్కడ ఆగుతాడమ్మా, అదే మన సెక్యూరిటీ” అని సెక్రటరీగారు జవాబిచ్చారు. ఆ మెసేజ్‌కి పదకొండు చప్పట్ల బొమ్మలు పడ్డాయి. అదేదో జోకన్నట్టు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఈ ఊళ్లో ఆయుధపూజంటే తెలుసు కదా, తిరిగేదీ మోగేదీ ఏదీ పసుపు కుంకుమ తప్పించుకోలేదు. లిఫ్ట్‌కి, మోటారుకి, జనరేటర్‌కి అయ్యాక, కార్ల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, కొత్త యంత్రం కదా అని సెక్రటరీగారు స్వయంగా కీప్యాడ్ మొత్తానికి తడి పసుపు పూసి, బటన్ బటన్‌కీ కుంకుమ బొట్టు పెట్టి హారతిచ్చారు. విజయదశమి సాయంత్రానికి ఆరు అంకెలు పచ్చగా పేరంటాళ్లలా ఉన్నాయి. నాలుగు మాత్రం వేళ్లు పడి పడి తెల్లగా మెరుస్తున్నాయి. బ్యాంకు స్థాయి రహస్యం అలా గోడకెక్కింది.

అది మొదట చూసింది మెట్లు తుడిచే అక్క. ఆవిడది పావగడ. మ్యాపులో కర్ణాటక, మాటలో అనంతపురం. కీప్యాడ్ మీద పసుపు తుడుస్తుంటే నేనే అడిగాను, కోడ్ తెలిసిపోయింది కదక్కా అని.

“తెలుసు సార్. నేనే గదా తుడిసేది.”

“మరి వాడుకోవచ్చు కదా?”

“మాకు చెప్పలేదు గదా సార్. చెప్పకుండా తెరిస్తే దొంగతనం అంటారు.”

మరేం చేస్తున్నావని అడిగితే నవ్వింది. పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా నీళ్లు తాగడం మానేసిందట. డ్రైవర్లు ప్రహరీ వెనక్కి పోతారు, ఆడవాళ్లకి అదీ లేదు. వాచ్‌మన్ భార్యా అంతేనట.

ఎనిమిది గంటలు. మెట్లు తుడిచాక ఈవిడ నాలుగిళ్లలో బాత్రూములు కడుగుతుంది. ఇంటికి మూడు, నాలుగు మూళ్లు పన్నెండు. పన్నెండు గదులు తన చేత్తో తళతళలాడేలా కడిగి, బయటికొచ్చి, కడుపు బిగబట్టుకుని నిలబడాలి. మనకి సిగ్గుండక్కర్లేదా? కారు కడగడానికి పైపు, కుక్క స్నానానికి షాంపూ, బాల్కనీలో మనీప్లాంటుకి స్ప్రే ఉంటాయి. మనిషికి రెండు మగ్గుల నీళ్లకి వచ్చేసరికి ట్యాంకర్ బిల్లు గుర్తొస్తుంది. నీళ్లు కాదు మీ బాధ. వాళ్లు కూర్చున్న చోటు మన బిల్డింగ్‌లో ఉండటం మీ బాధ. ఆ మాట మీటింగ్‌లో అనే ధైర్యం లేక ఆరు వేలు పెట్టి ఇనప పెట్టె కొన్నారు. కొన్నారు కాదు, కొన్నాం. ఆ నాలుగిళ్లలో మాదీ ఒకటి. తీర్మానం మీద నా సంతకం కూడా ఉంది.

వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్. ఎజెండాలో మొదటి అంశం: బటన్లకు పసుపు రాయరాదు. రెండోది కోడ్ మార్పు. పట్టకారు పట్టుకోడానికి నా పేరు ప్రతిపాదించారు.

అప్పటిదాకా కోడ్ 1947. వరుస అక్కర్లేదు, ఎలా నొక్కినా తెరుచుకుంటుంది. ముందు సి నొక్కాలి. తాళం బరువుకి తలుపు కిందికి జారింది, కొంచెం పైకెత్తి లాగండి. మగ్గుకి హ్యాండిల్ లేదు, అంచు పట్టుకోవాలి.