పంపు ఉంటే వెంట్ పైపు అక్కర్లేదా?

వాషింగ్ మెషీన్‌ను ఇంట్లో వేరే చోటికి మార్చేవాళ్ల కోసమంటూ ఒక సలహా వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. "మెషీన్‌లో పంపు ఉంది, నీళ్లను అదే తోసేస్తుంది, వెంట్ పైపు దండగ. ట్రాప్ ఉంటే వాసన రాదు. డ్రెయిన్ గొట్టాన్ని పైపులో దూర్చి చుట్టూ సీల్ చేయండి. అనుమానమైతే గాలి వాల్వ్ ఒకటి గోడలో పెట్టి మూసేయండి" అని. వెంట్ అంటే డ్రెయిన్ పైపుకు గాలి అందించే పైపు, ట్రాప్ అంటే డ్రెయిన్ పైపులో నీళ్లు నిలిచే వంపు. ఆ సలహా నమ్మి నేను టైల్స్ రెండుసార్లు పగలగొట్టించాను. అందుకే రాస్తున్నాను.

పంపు నీళ్లను గొట్టం చివరి దాకానే తోస్తుంది. అక్కణ్నుంచి అవి నడిచేది వాలు మీద. పైపు నిండా దిగే నీళ్లు ముందున్న గాలిని నెడతాయి, వెనక గాలిని లాగుతాయి. 15 కిలోల నూనె డబ్బాకు ఒకే కన్నం పెట్టి వంచితే గుడక్ గుడక్‌మంటూ ఆగి ఆగి పడుతుంది. ఎదురు మూలన ఇంకో కన్నం పెడితే ధార సాఫీగా వస్తుంది. ఆ రెండో కన్నమే వెంట్. పంపు ఎంత జోరుగా తోస్తే దాని అవసరం అంత ఎక్కువ.

"ట్రాప్ ఉంది కదా" అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. వాసనను ఆపేది ప్లాస్టిక్ ట్రాప్ కాదు, అందులో నిలిచే నీళ్లు. మామూలుగా 50 మిల్లీమీటర్లు, అంటే 2 అంగుళాలు. వెంట్ లేకపోతే పైపు గాలి కోసం పక్కనున్న ట్రాప్‌లోని ఆ నీళ్లనే లాగేస్తుంది. మా మెషీన్‌ను వాష్ ఏరియా నుంచి బాత్రూమ్ పక్కకు మార్చాక, డ్రెయిన్ అయిన ప్రతిసారీ బాత్రూమ్ జాలీ గుడగుడలాడేది. ఒకరోజు జాలీ తీసి టార్చ్ వేశాను. మెషీన్ వేయకముందు నహానీ ట్రాప్‌లో నీళ్లు తళతళలాడుతున్నాయి. డ్రెయిన్ అయ్యాక చూస్తే అడుగున కాసిని, అంచున తడి గీత. మురుగు గాలి ముఖానికి కొట్టింది. అన్నాళ్లూ వాసన పోవడానికి మా అమ్మ ఫినాయిల్ మీద ఫినాయిల్ పోస్తూ కడుగుతూనే ఉంది.

"మా ఇంట్లో వెంట్ లేదు, ఏమీ కాలేదు" అనేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. చాలా అపార్ట్‌మెంట్లలో డక్ట్‌లోని నిలువు పైపు టెర్రస్ దాకా వెళ్లి తెరుచుకుని ఉంటుంది. వాష్ ఏరియా దాని పక్కనే కాబట్టి గాలి అక్కణ్నుంచే అందుతుంది. మా మెషీన్ దానికి 14 అడుగుల దూరం జరిగింది.

ఇక సీల్ చేయడం. నోరు బిగిస్తే గొట్టం, పైపు కలిసి సైఫన్ అయిపోయి, మెషీన్ నీళ్లు పట్టుకుంటుండగానే లాగేసే ప్రమాదం ఉంది. గొట్టం చుట్టూ ఖాళీ ఉండాల్సిందే. అయితే ఆ ఖాళీ ట్రాప్‌కు ముందుది, వెంట్‌కు బదులు కాదు. పైనుంచి పొంగుతుందని టెన్షన్ అయితే గొట్టం దూర్చే నిలువు పైపు 2 అంగుళాలది వేయించి, ఎత్తు పెంచండి.

గాలి వాల్వ్ గాలిని లోపలికి మాత్రమే రానిస్తుంది, బయటికి పోనివ్వదు. లోపలి రబ్బరు పాడైతే మార్చాలి. గోడలో మూసేస్తే దానికి గాలీ అందదు, మన చెయ్యీ అందదు.

రెండోసారి మా ప్లంబర్ ట్రాప్ దాటగానే వెంట్ తీసి, నిలువుగా పైకి లేపి, డక్ట్‌లోని వెంట్ పైపుకు కలిపాడు. మీరూ చేయిస్తుంటే, టైల్స్ మూయకముందే మెషీన్‌ను ఒకసారి డ్రెయిన్‌లో పెట్టించి, పక్క జాలీలో నీళ్లు కదులుతున్నాయేమో టార్చ్ వేసి చూడండి.