పరామర్శ పదకొండు రోజులేనా?

నాన్న పోయి ఏడాదిన్నర అవుతోంది. ఆయన ఫోన్‌కి ఇప్పటికీ రీఛార్జ్ చేయిస్తున్నాను. 84 రోజులు దగ్గర పడగానే అమ్మ గుర్తు చేస్తుంది. "తెలియక ఎవరైనా చేస్తారేమోరా, స్విచ్చాఫ్ వస్తే బాగోదు" అంటుంది. చేసేదెవరు? లోన్ కావాలా అని అడిగేవాళ్ళు. మొన్న అలాంటి ఒకమ్మాయికి "ఆయన లేరమ్మా" అని చెప్తే, "అయ్యో, ఎప్పుడండీ?" అందట. అమ్మ ఆ పిల్లతో పావుగంట మాట్లాడింది. మా చుట్టాల్లో ఒక్కరితో కూడా అంతసేపు మాట్లాడలేదు.

పెద్దకర్మ దాకా ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. పరామర్శకని వచ్చి ఇన్సూరెన్స్ ఎంతొస్తుందని ఆరా తీసినవాళ్ళూ ఉన్నారు (వాళ్ళ మీద ఇంకో పోస్టు రాయాలి). మేనమామ తీసుకెళ్ళి నిద్ర చేయించి పంపాడు. అంతే. తర్వాత మాసికాలకి పంతులుగారు తప్ప గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. మన పద్ధతిని తప్పుపట్టడం లేదు, ఆ పదకొండు రోజులూ మనిషిని ఒంటరిగా వదలరు. కానీ అమ్మకి అసలు బాధ మూడో నెలలో మొదలైంది.

1969లో ఇంగ్లండులోని కోవెంట్రీలో బిడ్డల్ని పోగొట్టుకున్న కొందరు తల్లిదండ్రులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అదే ద కంపాషనేట్ ఫ్రెండ్స్ అనే సంస్థ అయింది. అంత దూరం ఎందుకు, కేరళలో పాలియేటివ్ కేర్ (పెద్ద జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ) వాలంటీర్లు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి ఊరివాళ్ళలాగే వెళ్ళొస్తారు. మనకి 2022 నుంచి టెలీ మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది. 14416కి చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. తిండీ నిద్రా మానేసి, చచ్చిపోవాలనుంది అనేవాళ్ళకి ఆ హెల్ప్‌లైనూ, డాక్టరూ కావాలి. మా అమ్మకి అంత అక్కర్లేదు. ఎదురుగా కూర్చుని నాన్న సంగతులు వినే మనిషి ఉంటే చాలు.

కౌన్సెలింగ్‌కి వెళ్దామంటే "నా ఏడుపుకి వేలు పోస్తావా?" అంది. అందుకే అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటి ఉచితంగా ఉండాలంటున్నా. నెలకో ఆదివారం, పది కుర్చీలు, ఫ్లాస్కులో టీ. ప్రసంగాలు వద్దు. "ధైర్యంగా ఉండాలండీ" అనే మాట అసలే వద్దు.

అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు అడిగితే, పుట్టినరోజులు చేసుకునే చోట చావు కబుర్లేంటన్నారు. సరే, మా ఇంట్లోనే పెడుతున్నాను. వచ్చే ఆదివారం నాలుగింటికి. టీ అమ్మ పెడతానంది.